రంపానికి చెట్టు కనబడరాదు

ముప్పై ఏళ్ళకు పైగా భూగోళం పాఠం చెప్పి రిటైరయిన త్రిపురసుందరి గారు, చేతులు ఊరుకోక, భూగోళాన్ని కోయడం మొదలుపెట్టింది.

కాకినాడ కరణాల కాలనీలో వాళ్ళ ఇంటిని ఆనుకుని ఒక కారు షెడ్డు ఉంది. కారు లేదు. షెడ్డులోని పాత సామానంతా బయట పారేయించి, నడుమెత్తు బల్ల ఒకటి వేయించి, గోడకి రంపాలూ ఉలులూ ఆకురాళ్ళూ తగిలించి, ఆవిడ చెక్కతో జిల్లాల పటాలు చేయసాగింది. జిల్లాకొక ముక్క. ముక్కలన్నీ సరిగ్గా పేరిస్తే ఆంధ్రదేశం అవుతుంది. తూర్పు కనుమల చోట దిమ్మ మందంగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. కొల్లేరు చోట గుంట. గోదావరి పాయలు వేలు దూరేంత కాలవలు. ఇవి చూసి చదివే పటాలు కావు. ఊరి చివరనున్న అంధ బాలికల పాఠశాల కోసం చేసినవి. ఆ పిల్లలు ధవళేశ్వరం దగ్గర వేలు పెట్టి, పాయ వెంబడి జారుతూ పోయి అంతర్వేది దగ్గర సముద్రంలో తేలేవారు. యానాం ముక్క గోరంత. అదంటే వాళ్ళకి మహా ఇష్టం. అందుకే అది తరచు పోయేది.

ప్రభుత్వం జిల్లాలన్నిటినీ విడగొట్టిన ఏడాది ఆవిడ మళ్ళీ మొదటి నుంచీ కోయాల్సి వచ్చింది. అప్పుడే కుడిచేతి మణికట్టు వాచింది. డాక్టరు చూసి, చేతి రంపం మానేయమన్నాడు. పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు ఎస్తేరమ్మ గారేమో ప్రతి తరగతికీ ఒక పటం కావాలంది. అంటే యంత్రం కొనాలి.

ఏ యంత్రం కొనాలన్నది ఆవిడ తొందరపడి తేల్చలేదు. ఊగే రంపం ఉంది, చిన్నది. కానీ అది ఒక్కసారికి ఒక్క పలచని పలకే కోస్తుంది, కనుమల దిమ్మ దాని వల్ల కాదు. బ్యాండ్ సా అయితే పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, రెంటి మీదుగా పళ్ళున్న ఉక్కు పట్టీ ఆగకుండా తిరుగుతుంది. పలకలు అరడజను దొంతరగా పెట్టినా కోసేస్తుంది. చక్రం ఎంత పెద్దదైతే అంత వెడల్పు చెక్క పడుతుంది; బ్లేడు ఎంత సన్నదైతే అంత బిగువైన మలుపు తిరుగుతుంది. ఆవిడకి కావలసింది మలుపు. ఎనిమిదంగుళాల చక్రాలది కోస్తుంటే వణికిపోయింది. పద్నాలుగంగుళాలది బీరువాలాగా నిలబడి, దానికి వేరే కరెంటు లైను కావాలంది. చివరికి విజయవాడలో ఒక షాపులో పదంగుళాలది కనిపించింది. ఇడ్లీపిండి రుబ్బే గ్రైండరు కంటే కాస్త ఎత్తు. త్రిపురసుందరి సంచిలోంచి ఒక పలక తీసింది. దాని మీద కాకినాడ తీరం గీసి ఉంది, సముద్రంలోకి కొక్కెంలా వంగిన ఇసుక దిబ్బతో సహా. ఆ కొక్కెం చుట్టూ బ్లేడు అడ్డం పడకుండా తిరిగింది.

"ఇదే," అంది ఆవిడ.

షాపతను సంతోషించి, గొంతు తగ్గించి అడిగాడు. "బిల్లు మీద బ్యాండ్ సా అని రాయమంటారా, కుట్టుమిషను అని రాయమంటారా అండీ?"

"అదేమిటి?" అన్నాడు పక్కనున్న పుండరీకాక్షం.

పుండరీకాక్షం ఆవిడ భర్త. జిల్లా కోర్టులో సిరస్తాదారుగా చేసి దిగాడు. చట్టం అడగకపోయినా చట్టానికి చెప్పి చేయాలన్నది ఆయన మతం. వీధిలో పందిరి వేసినా పోలీసు స్టేషనుకి వెళ్ళి చెప్పి వచ్చేవాడు. వాళ్ళు ఎందుకు చెబుతున్నారని అడిగితే నొచ్చుకునేవాడు.

"కాకినాడలో బ్యాండ్ సా అంటే మండలి వాళ్ళు వస్తారండి," అన్నాడు షాపతను. "కుట్టుమిషనంటే ఎవరూ రారు."

"రానీ. మనమే వెళ్దాం," అన్నాడు పుండరీకాక్షం. "ముందు అనుమతి, తర్వాత యంత్రం."

"ముందు యంత్రం," అంది త్రిపురసుందరి. డబ్బిచ్చి, రంపాన్ని టాక్సీలో వెనక సీటు మీద కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. మర్నాడు పొద్దున్న ఆవిడ కొత్త పలకలు దొంతర పేరుస్తుంటే, పుండరీకాక్షం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మండలికి వెళ్ళి నిజం చెప్పి వచ్చాడు. వచ్చేటప్పుడు చాలా తృప్తిగా ఉన్నాడు. ఆవిడని కూడా రమ్మన్నారని చెప్పాడు.

వృక్షపరిరక్షణ, రంపశాలల నియంత్రణ మండలి అన్నది ఆ మండలి పూర్తి పేరు. చెట్లు తగ్గిపోతున్నాయని ఎవరో పెద్దవాళ్ళకి అనుమానం వచ్చినప్పుడు పుట్టింది. కార్యాలయం గోడలకి నిలువెల్లా టేకు పలకలు కొట్టించారు. అధికారుల బల్లలు వేగిస చెక్కవి. కిటికీలోంచి బయటికి చూస్తే ఆవరణలో పెద్ద పెద్ద నిద్రగన్నేరు చెట్లు, వాటి కింద అధికారుల కార్లు చల్లగా ఉండేవి. ఉప నియంత్రణాధికారి గరుడాచలం గారు వాళ్ళిద్దరినీ ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు.

"అమ్మా, తమరు రంపశాల స్థాపించినట్లు తమ భర్త గారు తెలియపరిచారు. చాలా సంతోషం."

"రంపశాల కాదండీ," అంది త్రిపురసుందరి. "కారు షెడ్డులో చిన్న బ్యాండ్ సా. గుడ్డిపిల్లలకి పటాలు చేస్తాను."

"పటాలు తమ ఉద్దేశం. రంపశాల చట్టం ఉద్దేశం," అన్నాడు గరుడాచలం. "చట్టంలో నిర్వచనం స్పష్టంగా ఉన్నది. రెండు చక్రములు, వాటిపై దంతయుక్తమైన పట్టీ, నిరంతర భ్రమణం. ఈ మూడూ ఒకచోట ఉన్నచో అది రంపశాల. తమ దగ్గర మూడూ ఉన్నాయా?"

"ఉన్నాయి. కానీ గ్రైండరంత."

"పరిమాణం గురించి చట్టం మౌనం వహించింది. చట్టం మౌనం వహించిన చోట మండలి మాట్లాడుతుంది."

పుండరీకాక్షం మెచ్చుకోలుగా తల ఊపాడు. కోర్టులో ఇంత చక్కటి వాక్యం విని చాలా కాలమయింది. త్రిపురసుందరి ఆయన వైపు చూసిన చూపుకి తల ఊపడం ఆపాడు.

"అయితే నాకొద్దండీ," అంది ఆవిడ. "యంత్రం షాపుకి తిరిగిచ్చేస్తాను."

గరుడాచలం జాలిగా నవ్వాడు. "అది సాధ్యపడదమ్మా. తమ భర్త గారి విన్నపం నిన్ననే స్వీకరించాం. స్వీకరించిన క్షణం నుంచి సదరు రంపశాల ఉన్నట్లే. మూసివేయాలంటే ముందు అది నడవాలి. పుట్టనివాడికి మరణ ధ్రువీకరణ ఎలా ఇస్తామండీ? తమరు భయపడకండి. ఈ ఏడాది హరిత రంపశాలల పథకం వచ్చింది. ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, అందునా మహిళ, అందునా అంధుల సేవ. పైవాళ్ళు వింటే పొంగిపోతారు. మండలి తమ వెంట ఉంటుంది."

మండలి అన్న మాట నిలబెట్టుకుంది. ఆ వారంలోనే తనిఖీదారు తలుపులరాజు టేపు పట్టుకుని వచ్చాడు.

తలుపులరాజు చెడ్డవాడు కాడు. ఇచ్చిన మంచినీళ్ళు తాగి, షెడ్డు బాగుందన్నాడు. యానాం ముక్కని అరచేతిలో పెట్టుకుని ముచ్చటపడ్డాడు. తర్వాత టేపు ఒక కొస పుండరీకాక్షానికిచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టి, రెండో కొస పట్టుకుని వీధిలోకి నడిచాడు. టేపు అయిపోతే అక్కడ సుద్దముక్కతో గీసి, మళ్ళీ అక్కడి నుంచి నడిచాడు. అలా వీధి చివరి దాకా వెళ్ళి, ముఖం వేలాడేసుకుని తిరిగి వచ్చాడు.

"చెట్లున్నాయండి మీ వీధిలో," అన్నాడు.

ఉన్నాయి. కరణాల కాలనీలో చెప్పుకోదగ్గవి అవే. వీధికి రెండు పక్కలా కానుగ చెట్లు, మధ్య మధ్య వేపలు, మలుపులో ఒక పెద్ద నిద్రగన్నేరు. మే నెలలో కూడా పిల్లలు చెప్పుల్లేకుండా ఆ వీధిలో తిరిగేవారు. త్రిపురసుందరి ఇంటి ఎదుట కానుగ కింద నూకరత్నం ఇస్త్రీ బండి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బొగ్గుల పెట్టె పట్టుకుని నిలబడే మనిషికి ఆ నీడే గొడుగూ, గోడా, ఇల్లూ.

"ఉంటే ఏం?" అంది త్రిపురసుందరి.

"రంపశాలకి ఫర్లాంగు లోపల నిలిచి ఉన్న చెట్టు ఉండకూడదండి. అది అన్నిటికంటే ముఖ్యమైన నియమం. రంపానికి చెట్టు కనబడకూడదు. కనబడితే ఆశ పుడుతుంది. మిల్లువాళ్ళు రాత్రికి రాత్రి నరికేసుకుంటారు. అందుకని ఫర్లాంగు దూరం పెట్టారు. చెట్ల రక్షణ కోసమేనండి."

"నేను ఆ చెట్లు నరుకుతానా?"

"మీరు నరకరండి. మిల్లు నరుకుతుంది."

"పోనీ ఈ రంపాన్ని ఎక్కడికన్నా తీసుకెళ్ళిపోతాం."

"రంపశాల స్థిరాస్తండి. కదలదు. చెట్లే..." అని మాట మింగేసి, తలుపులరాజు టేపు చుట్టుకున్నాడు.

ఆ రాత్రి పుండరీకాక్షం భోజనం చేయలేదు. మర్నాడు కోర్టులో తెలిసిన ప్లీడర్లనందరినీ కలిసి వచ్చాడు. చెట్లని చెట్ల రక్షణ చట్టం నుంచి రక్షించే చట్టమేదీ లేదని వాళ్ళు చెప్పారు.

నరకడానికి వచ్చినవాళ్ళు ఆకుపచ్చ టోపీలు పెట్టుకున్నారు. వ్యానుకి ఒక గుడ్డ కట్టి ఉంది. దాని మీద 'చెట్టే మన తల్లి' అని రాసి ఉంది. నూకరత్నం బండి ముందు నిలబడి కదలనంది.

"సెట్టుని మిల్లు నరికేత్తాదని మీరే నరికేత్తన్నారా బాబూ?" అని అడిగింది తలుపులరాజుని.

"నరకడం కాదమ్మా. ప్రమాద పరిధి నుంచి తరలింపు."

"ఏ ఊరు తరలిత్తారు?"

తలుపులరాజు కాగితం చూసుకున్నాడు. "ఏ ఊరూ కాదు. నిలువు స్థితి నుంచి అడ్డ స్థితికి."

నూకరత్నం బండి తనే తోసుకుని పక్కకి పెట్టింది. కానుగ చెట్టు కూలుతుంటే పిట్టలన్నీ ఒక్కసారి లేచి, ఎక్కడ వాలాలో తెలియక కరెంటు తీగల మీద కూర్చున్నాయి. అవి చూస్తూ ఉండగానే వేపలు కూడా పడ్డాయి. సాయంత్రానికి వీధి ఈ చివర నిలబడితే ఆ చివర కాలవ దాకా కనబడింది. అంత ఎండ ఆ వీధిలో ఎప్పుడూ పడలేదు. ఇళ్ళన్నీ చొక్కాలు విప్పేసిన ముసలాళ్ళలాగా, పెచ్చులూడిన గోడలతో, సిగ్గుపడుతూ కనిపించాయి.

ఆ రోజు నుంచీ వీధివాళ్ళు త్రిపురసుందరితో మాట్లాడటం మానేశారు. చెట్టుకి గొడ్డలి పెట్టింది మండలే అయినా, మండలిని పిలిచింది ఆ ఇల్లే కదా. పాలవాడు కూడా పాలు గుమ్మంలో పెట్టి ముఖం చూడకుండా వెళ్ళిపోయేవాడు. ఆవిడ ఎవరినీ తప్పు పట్టలేదు. పుండరీకాక్షాన్ని కూడా ఏమీ అనలేదు. ఆయనకి అదే ఎక్కువ బాధగా ఉండేది.

"ఒక మాటనరాదా సుందరీ," అన్నాడొకరోజు.

"మీ విన్నపం కూడా స్వీకరించాను. నడవనివ్వండి," అంది ఆవిడ.

నరికిన కలపని అతి సమీపంలోని రంపశాలకి అప్పగించాలన్నది తర్వాతి నియమం. అతి సమీపంలోని రంపశాల త్రిపురసుందరిదే. క్రేను వచ్చి దుంగలన్నీ వాళ్ళ గుమ్మంలో గుట్టగా పోసి వెళ్ళింది. నిద్రగన్నేరు మొదలు సరిగ్గా గేటుకి అడ్డంగా పడింది. పుండరీకాక్షం కూరలకి వెళ్ళాలంటే పంచె ఎగగట్టి దుంగ ఎక్కి అటు దిగాల్సి వచ్చేది. ఒకసారి పైకెక్కి దిగలేక, నూకరత్నం మొగుడు వచ్చి దింపేదాకా దాని మీద కూర్చుండిపోయాడు.

గరుడాచలం గారు స్వయంగా పరిశీలనకి వచ్చాడు. గేటు తెరుచుకోకపోతే గోడ దూకించి లోపలికి తీసుకెళ్ళారు. ప్యాంటు దులుపుకుని, బల్ల మీదున్న రంపాన్ని చూశాడు. తర్వాత కిటికీలోంచి నిద్రగన్నేరు మొదలుని చూశాడు. అది షెడ్డు తలుపు కంటే వెడల్పు.

"ఇది దానిని కోయగలదా?"

"ఆరంగుళాల దిమ్మ దాకా కోస్తుందండీ," అంది త్రిపురసుందరి.

పుండరీకాక్షానికి కోర్టు బుర్ర పనిచేసింది. "దుంగ కోయలేనిది రంపశాల ఎలా అవుతుందండీ? కాదని రాసేయండి. అందరం హాయిగా ఉంటాం."

గరుడాచలం చాలాసేపు ఆలోచించాడు. ఆ మాటలో న్యాయం ఉందని ఆయనకి తెలిసింది. అందుకే భయమేసింది. చెట్లు పడిపోయి ఉన్నాయి. రంపశాల లేదంటే అవి ఎందుకు పడినట్టు?

"రంపశాలే," అన్నాడు చివరికి. "అయితే అసమర్థ రంపశాల. దానిని సమర్థం చేయడం మండలి బాధ్యత. తగిన రంపం ఎంపిక చేయడానికి నిపుణుల సంఘం వేస్తాం."

"నా రంపం నేను ఎంపిక చేసుకున్నానండీ. బ్లేడు సన్నది కావాలి నాకు. మలుపు తిరగాలి."

"తమరు వినియోగదారులు మాత్రమే అమ్మా," అన్నాడు గరుడాచలం మృదువుగా.

నిపుణుల సంఘంలో చేపల శాఖలో పనిచేసి దిగిన ఒక పెద్దమనిషి, సంస్కృతం లెక్చరరు ఒకాయన, కంప్యూటరు సంస్థ నడిపే ఒక యువకుడు ఉన్నారు. ముగ్గురూ రంపం ముఖం చూసినవారు కారు కనుక పక్షపాతం ఉండదని తీసుకున్నారు. జీడిపప్పు పెట్టి, కాఫీలు పోసి, త్రిపురసుందరిని వరండాలో కూర్చోబెట్టి, లోపల చర్చించారు. తలుపు సందులోంచి ఆవిడకి మాటలు వినబడుతూనే ఉన్నాయి. రంపానికి దంతాలు అవసరమా అని లెక్చరరు గారు మౌలికమైన ప్రశ్న లేవనెత్తారు. నీళ్ళలో తుప్పు పట్టకుండా ఉండాలని చేపల శాఖ ఆయన అన్నారు. ఎంత పెద్దదైతే ఫోటోలో అంత బాగుంటుందని యువకుడు అన్నాడు. దాని మీద ముగ్గురికీ ఏకాభిప్రాయం కుదిరింది.

అలా నాలుగడుగుల చక్రాలున్న రంపం లారీలో వచ్చింది. పథకం కింద ఉచితం. షెడ్డులో పట్టకపోతే కప్పు తీసేసి, వీధి వైపు గోడ పగలగొట్టి, భూమిలో కాంక్రీటు పోసి నిలబెట్టారు. బ్లేడు జానెడు వెడల్పు. ఒక రంపశాలకి ఒకే రంపం ఉండాలి గనక, గ్రైండరంత రంపాన్ని తలుపులరాజు గోనె సంచిలో చుట్టి తీసుకుపోయాడు. దాన్ని మండలి ప్రదర్శనశాలలో అద్దాల పెట్టెలో పెట్టారు. కింద 'రాష్ట్రంలోకెల్లా అతి చిన్న రంపశాల' అని రాశారు. రేపల్లె నుంచి, చోడవరం నుంచి కూడా స్కూలు పిల్లలు బస్సుల్లో వచ్చి చూసి వెళ్ళేవారు.

ప్రారంభోత్సవానికి రాజధాని నుంచి పెద్ద అధికారి వచ్చాడు. ఎండకి షామియానా వేశారు. కొబ్బరికాయ కొట్టారు. ఎస్తేరమ్మ గారు పిల్లల్ని కొందరిని తీసుకొచ్చింది. మొట్టమొదటి పటం వాళ్ళ చేతుల్లో పెట్టాలని గరుడాచలం ఏర్పాటు చేశాడు. మిల్లు నడిపేవాడు బటను నొక్కగానే వీధంతా దద్దరిల్లింది. పైన గీసిన గీత మీదుగా త్రిపురసుందరి పలకని పట్టుకుని, శ్రీకాకుళం దగ్గర మొదలుపెట్టి, నెమ్మదిగా తిప్పబోయింది. జానెడు బ్లేడు ఎక్కడ తిరుగుతుంది? అది ఇచ్ఛాపురంలో దిగి, విశాఖపట్నాన్నీ, కాకినాడనీ, గోదావరి మూడు నోళ్ళనీ, దివిసీమనీ తినేసి, పులికాటు సరస్సు పక్కన బయటపడింది. సముద్రతీరం స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా వచ్చింది.

జనం చప్పట్లు కొట్టారు. ఒక పిల్ల ఆ అంచు మీద వేలు పెట్టి పై నుంచి కింద దాకా జారింది. మళ్ళీ పైకి వెళ్ళి మళ్ళీ జారింది.

"కాకినాడ ఎక్కడ టీచర్?" అని అడిగింది.

త్రిపురసుందరి గరుడాచలం వైపు చూసింది.

"తీరం తిన్నగా ఉంటే పిల్లలకి గుర్తుపెట్టుకోవడం సులువు కదండీ," అన్నాడాయన. "వంకరటింకరగా ఉండి ఏం లాభం?"

ఆవిడ ఆ పలకని పిల్ల చేతిలోంచి తీసుకుంది. సభ ఉందని కూడా చూడకుండా ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. పటాలు చేసిన ఇన్నేళ్ళలో ఆవిడకి కన్నీళ్ళు వచ్చింది అప్పుడే. పుండరీకాక్షం బయట మెట్టు మీద కూర్చున్నాడు. పెద్ద అధికారి ఉపన్యాసం అయ్యే దాకా కూర్చుని, అది ముగియగానే లేచి, గరుడాచలం దగ్గరికి వెళ్ళి అన్నాడు.

"మిల్లు నడిచింది కదండీ."

"దివ్యంగా నడిచింది."

"ఇప్పుడు చావొచ్చా?"

నియమం ప్రకారం చావొచ్చు. అయితే గరుడాచలానికి అప్పటికే ఇంకో ఆలోచన తట్టింది. ఊళ్ళో ఫర్లాంగు మేర ఒక్క చెట్టు కూడా లేని చోటు కరణాల కాలనీ ఒక్కటే. అంటే చట్టం కోరిన లక్షణాలన్నీ ఉన్న చోటు కూడా అదొక్కటే. ఊరి చుట్టూ తోటల పక్కనా, కాలవగట్ల మీదా ఉన్న సామిల్లులన్నిటినీ అక్కడికి తరలిస్తే చెట్లకి ఇంక భయం ఉండదు. రంపశాల కదలదన్న నియమాన్ని సవరించుకుని, మండలి ఆ ఏడాదంతా ఆ పనిలో ఉంది. మూసేసిన త్రిపురసుందరి మిల్లులోంచి నాలుగడుగుల రంపం పక్కింటికి వెళ్ళింది. ఎదురింటి డాబా దుంగల అడితి అయింది. వీధివాళ్ళు ఇళ్ళు అమ్ముకోవడమో, అద్దెకివ్వడమో చేసి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు కొందరు త్రిపురసుందరితో మాట్లాడారు కూడా. కోపం దాటిపోయింది, ఇప్పుడు ఆవిడ మీద కూడా జాలే.

చివరికి వాళ్ళూ కదిలారు. ఎస్తేరమ్మ గారు పాఠశాల ఆవరణలో ఒక గది ఇచ్చింది. త్రిపురసుందరి మొదట్లో వద్దనుకున్న ఊగే రంపం కొనుక్కుంది. అది తిరగదు, పైకీ కిందికీ ఊగుతుంది, చక్రాలు కనబడవు, అందువల్ల అది చట్టం దృష్టిలో రంపం కాదు. పుండరీకాక్షం దాని గురించి ఎవరికీ చెప్పలేదు. రోజుకి ఒక్క పలకే అవుతుంది. తీరం మళ్ళీ వంకరటింకరగా వచ్చింది. కాకినాడ కొక్కెం వచ్చింది, యానాం వచ్చింది. దిమ్మ కోసే వీలు లేక తూర్పు కనుమలు మాత్రం పొట్టివయ్యాయి. నూకరత్నం కూడా కరణాల కాలనీ వదిలేసింది. దుంగల లారీల మధ్య బండికి చోటు లేదు, పొట్టు దుమ్ములో తెల్లచొక్కా ఇస్త్రీ చేసే వీలూ లేదు. ఊరంతా నీడ కోసం వెతికి, చివరికి మండలి కార్యాలయం ప్రహరీ పక్కన, బయటికి వాలిన నిద్రగన్నేరు కొమ్మల కింద బండి పెట్టుకుంది. అధికారుల చొక్కాలు దొరికాయి. బేరం బాగానే ఉంది.

ఆ తర్వాత మండలి వార్షికోత్సవం వచ్చింది. ప్రమాద పరిధిలో నిలిచిన చెట్ల సంఖ్య జిల్లాలో సున్నాకి దిగినందుకు గరుడాచలానికి పతకం, రాజధానికి బదిలీ. తొలి హరిత రంపశాల స్థాపకురాలిగా త్రిపురసుందరికి సన్మానం. ఆవిడ రానంది. కారు పంపారు. కారు మళ్ళీ మళ్ళీ వచ్చి పాఠశాల గేటు ముందు హారను మోగిస్తుంటే పిల్లల చదువు పాడవుతోందని బయలుదేరింది. శాలువా కప్పించుకుంది. నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పకుండా దిగిపోదామనుకుంది. ముందు వరసలో గరుడాచలం కాలు మీద కాలేసుకుని చిరునవ్వు నవ్వుతూ కనిపించాడు. ఆవిడకి చూపుడువేలుతో తీరం వెతుక్కున్న పిల్ల గుర్తొచ్చింది.

"రంపం దగ్గర చెట్టు ఉండకూడదని మంచి నియమం చేశారు," అంది మైకులో. "నేనొక సూచన చేస్తాను. మా వీధిలో చెట్లు రంపం వల్ల పోలేదు. చెట్టుకి రంపం కంటే ప్రమాదం ఈ కార్యాలయమే. కాబట్టి ఈ మండలికి ఫర్లాంగు లోపల చెట్టు ఉండకూడదని కూడా ఒక నియమం పెట్టండి."

చెప్పి, శాలువా కుర్చీ మీద పెట్టేసి దిగి వచ్చేసింది. వెనక వరసల్లో గుమాస్తాలు ఎవరో కిసుక్కున నవ్వారు. చాలా రోజులకి త్రిపురసుందరి గుండె కాస్త తేలికయింది. ఇంటికి వచ్చి పుండరీకాక్షానికి చెబితే ఆయన ఆ వాక్యం మళ్ళీ చెప్పించుకుని విన్నాడు.

"దెబ్బ తగిలుంటుందంటావా?" అన్నాడు.

"తగలకేం," అంది ఆవిడ.

కొద్దిరోజుల తర్వాత నూకరత్నం పాఠశాల గదికి వచ్చింది. చెమటతో రవిక తడిసిపోయి ఉంది. గుమ్మంలో చతికిలబడి, కుండలో నీళ్ళు ముంచుకుని తాగింది. త్రిపురసుందరి రంపం ఆపి, ఏమయిందని అడిగింది.

"మండలోళ్ళ ఆవరణలో సెట్లన్నీ కొట్టేత్తన్నారండమ్మగోరూ. గేటు దగ్గర మొదలెట్టారు. నా బండి మీద కొమ్మలు పడిపోతాయని తోసుకొచ్చేశాను. ఎందుకు బాబూ అనడిగితే, తలుపులరాజు గోరు సెప్పారు, మొన్న మీటింగులో తవరేదో సలహా ఇచ్చారంట గదా. శానా మంచి సలహా అని అందరూ సంతకాలెట్టారంట."

త్రిపురసుందరి చేతిలోని పలక బల్ల మీద పెట్టింది. పుండరీకాక్షం కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. నూకరత్నం కొంగుతో మెడ తుడుచుకుని, ఎండలోకి చూసి, మెల్లిగా అంది.

"మీరింక ఆళ్ళకేం సెప్పకండమ్మగోరూ."

త్రిపురసుందరి ఇంకెప్పుడూ ఏమీ చెప్పలేదు.